గృహవ్యాసములందలి శోకము – ఏకశేషవిచారము

ఆంధ్రభాషయందు వ్యాసమను గద్యప్రక్రియ బోధనార్థమై పుట్టినది. సామినేని ముద్దునరసింహము నాయని హితసూచని (1862) యందు దానికిఁ బ్రమేయమని పేరు. కందుకూరి వీరేశలింగము దాని నుపన్యాసమని వ్యవహరించెను. పానుగంటి లక్ష్మీనరసింహారావు సాక్షివ్యాసములలో లోకమును నవ్వించి దిద్దఁబూనెను. ఈ మువ్వురును సభాముఖమున నిలిచి మాటలాడినవారే. వారి మాటలకు లక్ష్యము సంఘము. వారి యిల్లు గాదు. దేశాంతరభాషలలో వ్యాసమునకు మఱియొక శాఖ కలదు. అందు రచయిత సభను విడిచి తన యింటి యరుఁగుపైఁ గూర్చుండును. బిడ్డల యాటలు, భార్యతోడి సహజీవనము, తల్లి చేతిపని, తోఁబుట్టువుల కలహములు, తుదకు వారిలో నొకరి మరణము – వీనిని గుఱించి యుత్తమపురుషలోఁ జెప్పును. సౌలభ్యమునకై దీనిని గృహవ్యాసమనవచ్చును.

ఇట్టి రచన సాహిత్యమగునా, లేక సాహిత్యవేషము ధరించిన రోదనమా యనునది యిందు విచార్యము. ప్రశ్న తేలికయైనది గాదు. బిడ్డను గోలుపోయిన తండ్రి యేమి వ్రాసినను జదువరి కన్ను చెమర్చును. ఆ చెమ్మ రచనాగుణమువలనఁ గలిగినదా, వార్తవలననే కలిగినదా యని నిర్ణయింపక పొగడుట విమర్శ గాదు. వ్రాసినవాఁడు దుఃఖితుఁడు గదా యని దోషములు చెప్పకుండుటయు విమర్శ గాదు.

పూర్వపక్షము బలవత్తరము. కరుణమునకు శోకము స్థాయి. కాని లౌకికశోకమే కరుణరసము గాదు. క్రౌంచవధఘట్టమును వ్యాఖ్యానించుచు నభినవగుప్తపాదులు లోచనమున నీ భేదమును స్పష్టపఱచిరి. శ్లోకముగాఁ బరిణమించిన శోకము మునియొక్క సొంతశోకమని తలంపరాదు; అట్లయినచో నతఁడును దుఃఖితుఁడై యుండును, దుఃఖసంతప్తునకు రసాస్వాదము పొసఁగదు. పక్షిశోకమును హృదయసంవాదముచేత సాధారణీకరించి చర్వణ చేసినవాఁడు గనుకనే వాల్మీకి కవి. ఈ మతము ననుసరించినచోఁ దన పుత్త్రశోకమును దానే చెప్పుకొను వ్యాసమునకుఁ గావ్యత్వము సిద్ధింపదు. 'నేను', 'నా', 'మా' యను మాటలే యందు సాధారణీకరణమునకు అడ్డుగోడలు.

పూర్వకవుల యాచరణమును నీ మతమునకే యనుకూలము. కాళిదాసు తన యింటి దుఃఖమును జెప్పలేదు. రఘువంశము నెనిమిదవ సర్గమున నిందుమతి మరణమునకు విలపించినవాఁ డజుఁడు. భార్య పోయిన పిమ్మట బాలుఁడగు దశరథునికొఱకు నెనిమిదేండ్లు బ్రదికియుండినవాఁడును నతఁడే. ఉత్తరరామచరితమున సీతావియోగము రామునిది, భవభూతిది గాదు. కవులకు స్వానుభవ ముండినను దానిని రాజుల నోటఁ బెట్టిరి. పరముఖమునఁ జెప్పుట సాధారణీకరణమునకు రాజమార్గము. గృహవ్యాసకర్త యా మార్గమును విడిచెను గాన, వేఱొక త్రోవ చూపవలసిన భారము వానిదే.

ఆ త్రోవకు సూచన భాషలోనే యున్నది. సంస్కృతమున నస్మచ్ఛబ్దమునకు బహువచనము 'వయమ్' ఒక్కటే. అందు వినువాఁడు చేరెనో లేదో తెలియదు. ఒక్కనికిని ఇద్దఱికిని గూడ నస్మదర్థమున బహువచనమును బాణిని వికల్పముగా ననుమతించెను. తెనుఁగున 'మేము', 'మనము' అని రెండు రూపములు గలవు. మేమన్నచో వినువాఁడు వెలుపల; మనమన్నచో లోపల. గృహవ్యాసమునకు సహజమగు పదము 'మేము'. మా యిల్లు, మా బిడ్డ, మా తల్లి – ఇందుఁ జదువరికిఁ జోటు లేదు. 'మేము' అని యారంభించి, 'మనము' అను మాటను బ్రయోగింపకయే చదువరిని దానిలోఁ జేర్చిన వ్యాసము సిద్ధించినది. మన మందఱము పోవువారమే యని నోరు తెఱచి చెప్పి చేర్పఁజూచిన వ్యాసము చెడినది. సాధారణీకరణము వ్యంగ్యము గావలెను, వాచ్యము గారాదు.

ఇఁకఁ జేర్చుట యెట్లు? ఇందుల కేకశేషవృత్తి తగిన దృష్టాంతము. మాతయుఁ బితయుఁ గూడినచో 'పితరౌ' యని వికల్పముగా నగును. సోదరుఁడును సోదరియుఁ గూడినచో 'భ్రాతరౌ'. కొడుకును గూఁతురును గూడినచోఁ 'బుత్రౌ'. రెండు శబ్దములలో నొకటి తొలఁగును, ఒకటి మిగులును. మిగిలినది తన యర్థమును మాత్రమే చెప్పి యూరకుండదు. తొలఁగినదాని యర్థమును గూడఁ దానే చెప్పునని వైయాకరణుల సిద్ధాంతము. కావుననే యొక్కటిగా మిగిలియు ద్వివచనప్రత్యయమును మోయును. గృహవ్యాసమున వ్రాయువాఁ డిట్టి శేషము. పోయినవారి యర్థమును దాను వహించి పలికెనేని యది రచన. తన యర్థమునే పలికి, తన కన్నీటినే కొలిచి చూపెనేని యది రోదనము. ఈ గీటుఱాతిపై మూఁడు ప్రసిద్ధరచనలను బరీక్షింపవచ్చును.

మొదటిది గ్రీకుభాషలోనిది. క్రీస్తుశకము మొదటి శతాబ్దియందు జన్మించిన కెరోనియాపురవాసి ప్లూటార్కు తన భార్యకు వ్రాసిన యూఱడింపులేఖ యది. రూపమున లేఖయైనను స్వభావమున వ్యాసము. నలుగురు కొడుకుల తరువాతఁ గలిగిన కూఁతురు టిమోక్సెనా. ఆమెకుఁ దల్లి పేరే పెట్టిరి. రెండేండ్ల ప్రాయమున నా శిశువు చనిపోయినప్పుడు తండ్రి యింట లేఁడు. కబురు తీసికొని బయలుదేఱినవాఁడు దారిలో నతనిని దప్పిపోయెను. తనాగ్రాపురము చేరినపిమ్మటఁ గాని యతనికి సంగతి తెలియలేదు.

ఈ లేఖలో బహుభాగము తత్త్వబోధము. శోకమునకు మితముండవలెననియు, ఆత్మ నశింపదనియు నందుఁ జెప్పఁబడినది. అంత్యక్రియలయం దార్భాటము లేక మెలఁగినందులకు భార్యను గొనియాడినాఁడు. ఇవి యే దుఃఖితునకైనఁ జెప్పఁదగిన మాటలే. కావుననే యే యొక్క దుఃఖితునివియుఁ గావు. లేఖకుఁ బ్రాణమైనది వేఱొక చిన్నవిషయము. ఆ పసిది తన దాదిని, తక్కిన శిశువులకే గాక తాను మెచ్చిన వస్తువులకును నాటబొమ్మలకును గూడఁ బాలిమ్మని యడుగుచుండెడిదఁట. తన కిష్టమైనవానికెల్లఁ దన విందులోఁ బాలు పంచవలెనని దాని కోరిక. ఇందు శోకశబ్దము లేదు, మరణశబ్దము లేదు. చదువరికి బొమ్మ కనఁబడును, దాది కనఁబడును, అడిగెడి గొంతు వినఁబడును. ఆ గొంతు లేదని యతఁడు పిమ్మటఁ దానే తెలిసికొనును.

అభావజ్ఞానమునకుఁ బ్రతియోగిజ్ఞానము కారణమని తార్కికు లందురు. ఘటము నెఱుఁగనివానికి ఘటాభావము తెలియదు. అట్లే బిడ్డ యెట్టిదో చెప్పక బిడ్డ లేదని విలపించు వ్యాసమునఁ జదువరికి లేమి తెలియదు. ఏడ్పు మాత్రము వినఁబడును. దీనికి విపర్యయముగా మొంతేను (1533–1592) నుదాహరింపవచ్చును. ఫ్రెంచిభాషలో వ్యాసమునకుఁ బేరు పెట్టినవాఁ డతఁడే. తాను దాదుల యిండ్లలో నిద్దఱినో మువ్వురినో బిడ్డలఁ గోలుపోయితిననియు, విచారము గలిగినను గుందిపోలేదనియు నతఁడు తన వ్యాసములలోఁ జెప్పెను. నిజమున కతని కాఱుగురు కూఁతులు పుట్టిరి; లియొనోరు తప్పఁ దక్కిన యైదుగురును శైశవముననే గతించిరి. బిడ్డలను దాదుల యిండ్లకుఁ బంపు నాఁటి యాచారమువలనఁ దండ్రి వారిని జూచినదే తక్కువ. ప్రతియోగిజ్ఞానము లేదు గనుక నభావజ్ఞానమును లేదు. తుదకు లెక్కయు నిలువలేదు. అతనిని గఠినుఁడని నిందించుటకంటెఁ, జూడనిదానికై యేడ్చినట్లు నటింపలేదని మెచ్చుట న్యాయము. 1563లోఁ బోయిన మిత్రుఁడు లా బొయేసీని గుఱించి వ్రాయునప్పు డతఁడే వేఱొక మనుష్యుఁడు. ఆ మిత్రుని నతఁ డెఱుఁగును.

ప్లూటార్కు లేఖాంతమున నింకొక మాట యున్నది. శైశవమునఁ బోయినవారికిఁ దర్పణాదిక్రియలు చేయకుండుట తమ దేశాచారమని యతఁడు భార్యకు జ్ఞాపకము చేయును. మనుస్మృతి యైదవ యధ్యాయమున నిట్టి విధియే కలదు. రెండేండ్లు నిండని శిశువున కగ్నిసంస్కారము లేదు. ఊరి వెలుపల భూమియం దుంచవలెను. మూఁడేండ్లు నిండనివానికి బంధువు లుదకక్రియ చేయఁబనిలేదు. పెద్దలకైనచో గోత్రనామములు చెప్పి నీరు విడుచుటకు మంత్రములు గలవు, తిథులు గలవు. పసివానికి మంత్రము లేదు; నామకరణమునకు మున్నే పోయినచో స్మరించుటకుఁ బేరును లేదు. అట్టివానికి మిగిలిన యుదకము తల్లిదండ్రుల మాటయే. గృహవ్యాసమునకుఁ గల నిజమైన ప్రయోజన మిందుఁ గనఁబడుచున్నది. క్రియ లేనిచోట నది క్రియ యగుచున్నది. కావుననే యందుఁ గల్లగాని యాడంబరముగాని చొచ్చుట రసదోషము మాత్రమే గాదు, ధర్మదోషము గూడ.

రెండవ రచన చీనాభాషలోనిది. తాంగువంశపు రాజుల కాలమున హాన్ యూ (768–824) తన యన్నకొడుకు మరణమునకు 803వ సంవత్సరమున వ్రాసిన నివాపవచన మది. ఆ కుమారుఁడు వంశక్రమమునఁ బండ్రెండవవాఁడని వ్యవహరింపఁబడుచుండెను. పోయినవారి కన్నపానము లర్పించునప్పుడు చదువు నిట్టి వచనమును ఛందోబద్ధముగనో, సమపదములు గల జంటవాక్యములతోనో కూర్చుట నాఁటి మర్యాద. హాన్ యూ దానిని విడిచి, యెదుట నున్నవానితో మాటలాడునట్లు మధ్యమపురుషలో సాదా గద్యమున వ్రాసెను.

హాన్ యూ పసితనముననే తండ్రిని గోలుపోయి యన్నవదినెల చేతఁ బెరిగెను. అన్నయు దక్షిణదేశమునఁ జనిపోయెను. వదినె, మఱఁదిని నీ కుమారునిఁ గూడఁ బెంచినది. ఒకనాఁ డామె యా చిన్నవానిని నిమురుచు, మఱఁదిని జూపి, రెండుతరముల హాన్‌వంశమున మిగిలినది వీరే యని పలికెను. ఆ చిన్నవాని కప్పుడు జ్ఞాపక ముంచుకొను వయస్సు గాదనియు, తనకు జ్ఞాపకమున్నను నాఁడు దానిలోని దుఃఖము తెలియలేదనియు హాన్ యూ చెప్పుచున్నాఁడు. ఏకశేషమున కింతకంటె మంచి యుదాహరణము దొరకుట యరుదు. మాట పలికిన వదినె లేదు. విన్న బాలుఁడు లేఁడు. దాని యర్థము తెలియుసరికి మిగిలినవాఁ డొక్కఁడు. మువ్వురి యర్థమును వాఁడే మోయుచున్నాఁడు.

అందు మఱియొక విశేషము గలదు. అన్నకొడు కే దినమునఁ బోయెనో హాన్ యూకు నిశ్చయముగాఁ దెలియదు. ఒకరి కబురులో నొక తిథి యున్నది. మఱియొకరి లేఖలో మాసమును దినమును లేవు. ఈ భేద మెట్లు వచ్చెనో యని యతఁడు తర్కించును. కాళ్లు చచ్చుపడు రోగమని కుమారుఁడు ముందే వ్రాసినను దానిని సామాన్యముగా నెంచినందులకుఁ దన్నుఁ దాను నిందించుకొనును. పాణిని పరోక్షభూతమున లిట్టును విధించెను. తన చేష్ట తనకుఁ బరోక్షము గాదు గాన లిట్టున నుత్తమపురుష పొసఁగుట కష్టము. అయినను జిత్తవ్యాక్షేపముచేత నది కుదురునని వ్యాఖ్యాతలు చెప్పి, నిద్రలోఁ దాను విలపించిన సంగతి పరులవలన వినినవాని మాట నుదాహరించిరి. దూరమున నున్నవానికిఁ దనవారి మరణ మట్టిదే: దుఃఖము తనది, సంఘటన మొరులు చెప్పినది. హాన్ యూ తాను జూడని మరణశయ్యను జూచినట్లు వర్ణింపలేదు. తెలియని తిథిని గల్పింపలేదు. తెలియకుండుటనే చెప్పెను. ఆ తెలియమియే యిందు శోకమునకు విభావము.

మూఁడవది యాంగ్లము. చార్లెస్ లాంబు (1775–1834) ఈలియా యను మాఱుపేరుతో వ్రాసిన 'స్వప్నశిశువులు' అను వ్యాసము 1822 జనవరిలో లండన్ మాగజీనునందుఁ బ్రకటితమైనది. అతని యన్న జాను 1821 అక్టోబరులోఁ జనిపోయెను. లాంబునకు వివాహము లేదు. 1796లో నతని యక్క మేరీ చిత్తభ్రమలోఁ దల్లిని జంపెను. ఆమె భారమును జీవితాంతము వహించుట కతఁడు పూనుకొని, యట్లే వహించెను. ఈ ఘోరము వ్యాసమున లేదు. మేరీ పేరును లేదు. ఆమె బ్రిజెట్టను జ్ఞాతికన్యయై ప్రక్కనఁ గూర్చున్నది.

వ్యాసమున నీలియా తన యిద్దఱు బిడ్డలకు, ఆలిసునకును జానునకును, వారి ముత్తవ్వను గుఱించి చెప్పుచుండును. ఆమె నాట్యప్రౌఢిమను జెప్పఁగా నాలిసు కుడికాలు తెలియకయే యాడును. తోఁటలోని పండ్లను గోసికొనకయే తిరిగితినని తండ్రి చెప్పఁగా, జాను తాను తీయఁబోయిన ద్రాక్షగుత్తిని మెల్లగాఁ బళ్లెరమున మరలఁ బెట్టును. పిమ్మటఁ జనిపోయిన యన్న కథ, పెండ్లికాని ప్రేమకథ. చెప్పుచుండఁగనే పిల్లలు మసకబాఱి, దూరమై, తాము వాని బిడ్డలము గామని తెలిపి మాయమగుదురు. ఈలియా తన కుర్చీలో మేల్కొనును. ప్రక్కన బ్రిజె ట్టున్నది. అన్న లేఁడు.

ప్లూటార్కు కూఁతురు లేకపోవుట ప్రధ్వంసాభావము. లాంబు బిడ్డ లెన్నఁడును లేరు. ప్రతియోగి యెక్కడను బ్రసిద్ధము గానిచో నభావమే చెప్పఁగూడదని తార్కికుల మతము. వంధ్యాపుత్రుఁడు లేఁడని విలపించుట వ్యర్థము. లాంబు చేసిన పని యిది: లేని బిడ్డలకు ముందు కుడికాలిని, ద్రాక్షగుత్తిని ఇచ్చి చదువరికిఁ బ్రసిద్ధులను జేసెను, పిమ్మట లేరనెను. పుట్టని బిడ్డలకై విలపించు హక్కు నతఁడు రెండు చిన్న చేష్టలచే సంపాదించెను. తాను పెండ్లాడలేదని యెక్కడను మొఱపెట్టుకొనలేదు. వ్యాసాంతమున మిగిలినవారు సోదరుఁడును సోదరియు. వైయాకరణుఁడు వారిని 'భ్రాతరౌ' యనును. పోయిన యన్నయు, రాని బిడ్డలును, చెప్పని తల్లియు నా శేషముననే యణఁగియున్నారు.

ఈ మూఁడు రచనలను బట్టి గృహవ్యాసమునకు మూఁడు దోషములు నిర్ణయింపవచ్చును. మొదటిది స్వశబ్దవాచ్యత. రసమును, స్థాయిని, వ్యభిచారిని దాని పేరుతోనే చెప్పుట రసదోషములలో మొదటిదిగా మమ్మటుఁడు కావ్యప్రకాశమున గణించెను. గుండె పగిలెను, దుఃఖసాగరమున మునిఁగితిని, లోకము శూన్యమయ్యెను అను వాక్యములు గృహవ్యాసములందు తఱచు. ఇవి పోయినవారిని గుఱించి యేమియుఁ జెప్పవు. ఎవరు పోయినను నివియే చెల్లును.

రెండవది యదృష్టవర్ణనము. తాను జూడని తుదిక్షణమును, వినని తుదిమాటను గల్పించి చెప్పుట. కథాకారునికిఁ గల్పన గుణము. ఉత్తమపురుషలో జరిగినదని చెప్పువానికి నదియే కల్ల. లాంబు పేళ్లు మార్చెను, ముత్తవ్వ కొలువుండిన యింటిని హర్టుఫర్డుమండలమునుండి నార్ఫోకుమండలమునకు మార్చెను గదా, యది కల్ల గాదా యని యాక్షేపింపవచ్చును. కాదు. ఆ మార్పు చదువరిని మోసగించి కన్నీరు రాఁబట్టుటకుఁ జేసినది గాదు. జీవించియున్న యక్కకు నీడగాఁ జేసినది. మేరీ 1847 వఱకు జీవించెను. కల్పన యెవరికొఱకని యడిగినచో గుణదోషములు తేలును.

మూఁడవది యనౌచిత్యము. క్షేమేంద్రుఁ డౌచిత్యమును గావ్యమునకుఁ బ్రాణమనెను. 'నేను' అని చెప్పుట కెవరి యనుమతియు నక్కఱలేదు. 'మేము' అని చెప్పునప్పుడు తక్కినవారి మాటయుఁ దానే చెప్పుచున్నాఁడు. పోయినవారు బదులు చెప్పలేరు. పసివారు బదులు చెప్పనేరరు. కాని పెద్దవారై యొకనాఁడు చదువుదురు. బిడ్డ యవివేకమును, భార్య కోపమును, తల్లి వార్ధక్యమును జెప్పి నవ్వించుట యెంత సులభమో యంత భయంకరము. మిగిలిన శబ్దము తొలఁగినదాని యర్థమును జెప్పవలెనే గాని తన యర్థమును దానిపై మోపరాదు. హాన్ యూ నిందించినది తన్ను, అన్నకొడుకును గాదు.

ఇప్పుడు పూర్వపక్షమునకు సమాధానము చెప్పవచ్చును. అభినవగుప్తుల మతము సత్యమే: దుఃఖసంతప్తుఁడు రసము నాస్వాదింపలేఁడు, ఆస్వాదింపఁజేయలేఁడు. కాని గృహవ్యాసమును వ్రాయువాఁ డా సంతప్తుఁడే గాఁడు. వానిని దూరమునుండి చూచుచున్నవాఁడు. ఇద్ద ఱొక్కదేహమున నుండుటయే చిక్కు. నిద్రలోఁ దాను విలపించితినఁట యని చెప్పువానియందు విలపించినవాఁడు వేఱు, చెప్పువాఁడు వేఱు. క్రియాపదము మాత్ర ముత్తమపురుషమే. ఆ యెడము సిద్ధించినచోట స్వశోకమును బరశోకమువలెనే సాధారణీకృతమగును. సిద్ధింపనిచోట నభినవగుప్తుల నిషేధము వర్తించును. కావున గృహవ్యాసము కావ్యత్వమునకు దూరము గాదు, పుట్టుకచేతఁ గావ్యమును గాదు.

ఆంధ్రగద్యమున నీ శాఖ యేల కృశించినది? దంపతులు పరస్పరము పేరు పెట్టి పిలుచుకొనని యాచార మొక కారణము. భార్యను 'మా యింటిలో' అని చెప్పుకొనిన భాషయందు, ఆమె పోయినపిమ్మట మాత్రము పేరున స్మరించుటకు నోరెట్లు వచ్చును? ఇంటి దుఃఖము పద్యమును శరణుచొచ్చినది. విశ్వనాథ సత్యనారాయణ భార్యావియోగమున రచించిన వరలక్ష్మీత్రిశతి యందులకు సాక్షి. గద్యము బహిరంగజీవితమునకే మిగిలినది. వీరేశలింగము (1848–1919) స్వీయచరిత్రమునకుఁ బ్రధానవిషయము సంఘసంస్కారము; ఇల్లు దానికిఁ బరికరము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమునఁ బ్రథమవితంతువివాహము జరిగినది. ఆ కాలమున వంటవారును నీరు మోయువారును విడిచిపోఁగా, భార్య రాజ్యలక్ష్మి తానే గోదావరినుండి నీరు తెచ్చి వండిపెట్టినదని ప్రసిద్ధి. ఆమె 1910లో గతించెను. సహనము, పాతివ్రత్యము, సుగుణసంపద యని వేయి శబ్దములు కూర్చినను రాని రూప మా నీళ్లబిందెవలన వచ్చును. గృహవ్యాసమునకు వలసినది యా బిందెయే.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' అను గ్రంథమున వైదికుల యింటి సంసారమును, ఇంటివారి పలుకుబడితోడనే గద్యమునకుఁ దెచ్చెను. అది వ్యావహారికమున నుండుట గ్రాంథికవాదులకు రుచింపకపోవచ్చును. అయినను దల్లిమాటను దల్లి పలికినట్లు వ్రాయుట యేకశేషధర్మమే యని యొప్పుకొనక తప్పదు. పోయినవారి నోటఁ దమ వ్యాకరణమును బెట్టుట వారి యర్థమును జెప్పుట గాదు.

పాఠశాలలలో నుపాధ్యాయులు బాలురచేత 'మాతృప్రేమ' యను విషయమున వ్యాసము వ్రాయింతురు. తల్లి ప్రత్యక్షదైవమని యారంభించి, తల్లిఋణము తీర్పరానిదని ముగించి, నలువదిమంది బాలు రొక్కటే వ్యాసమును వ్రాసి తెత్తురు. నలువదిమంది తల్లు లందు మాయమగుదురు. ఆ శీర్షికకు బదులు, నిన్నటి దినమున మీ తల్లి చేసిన యొక్క పనిని జూచినది చూచినట్లు వ్రాయుఁడని యడిగినచో, నలువది వేఱువేఱు పుటలు వచ్చును. వానిలోఁ దప్పు లుండవచ్చును, సంధులు చెడవచ్చును, అవి దిద్దఁదగినవి. తల్లిని జూచుట మాత్రము బాలుఁడు తానే నేర్వవలెను. ఎప్పుడో యొకనాఁడు వాఁడు శేషమై మిగులును. ఆనాఁడు చెప్పుటకు వానియొద్ద నర్థ ముండవలెను.